తారు వేడి తగ్గిస్తే పొగ తగ్గుతుందా? ‘వార్మ్ మిక్స్’ రోడ్ల అసలు లెక్క ఇదీ.. మన దగ్గర ఎందుకు ఆగిపోయింది?

రోహిణి కార్తె. మధ్యాహ్నం పన్నెండు. ఊరంతా నీడ పట్టున చేరితే రోడ్డు మీద మాత్రం ఒక బృందం కదలకుండా పనిచేస్తుంటుంది. టిప్పర్ వెనక్కి వచ్చి పేవర్ తొట్టిలో నల్లటి మిశ్రమాన్ని గుమ్మరిస్తుంది. గుప్పున పొగ లేస్తుంది. అంచులు సరిచేసే కూలీలు ముఖానికి తువ్వాలు చుట్టుకుని పారలతో ఆ పొగలోనే నిలబడతారు. పైన ఎండ 44 డిగ్రీలు. కాళ్ల ముందున్న తారు కంకర వేడి 140 నుంచి 150 డిగ్రీల సెల్సియస్.

ఈ రెండింటిలో ఎండను ఎవరూ తగ్గించలేరు. తారు వేడిని మాత్రం 30 డిగ్రీల దాకా తగ్గించొచ్చు. ఇదేమీ ప్రయోగశాలలో మాట కాదు. యూరప్‌లో పాతికేళ్లకు పైగా, అమెరికాలో దాదాపు ఇరవై ఏళ్లుగా నడుస్తున్న పద్ధతి. పేరు వార్మ్ మిక్స్. మన దేశంలో 2009లోనే ఢిల్లీలో ప్రయోగాత్మకంగా రోడ్డు వేశారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2014లో తాత్కాలిక మార్గదర్శకాలు ఇచ్చింది, 2019లో వాటిని సవరించింది. అయినా తెలుగు రాష్ట్రాల్లో నేటికీ మామూలుగా వేసేది హాట్ మిక్సే. పుస్తకంలో ఉన్నది రోడ్డు మీదకి ఎందుకు రాలేదు? వస్తే నిజంగా పర్యావరణానికి అంత మేలు జరుగుతుందా? రెండో ప్రశ్నకు జవాబు అవును అని ఒక్క ముక్కలో చెప్పేంత సులువు కాదు.

అసలు అంత వేడి ఎందుకు?

తెలంగాణలో డాంబర్ అన్నా, ఆంధ్రలో తారు అన్నా, ఇంజినీర్లు బిటుమెన్ అన్నా వస్తువు ఒక్కటే. ముడిచమురు శుద్ధి చేశాక అడుగున మిగిలే జిగట పదార్థం. మామూలు వాతావరణంలో గట్టిగా ఉంటుంది. కంకర మీద పల్చటి పొరలా పట్టాలంటే నీళ్లలా జారాలి. అందుకు కాచాలి. కంకర కూడా వేడిగా, పొడిగా ఉండాలి. చల్లటి తడి రాయికి తారు అంటుకోదు.

మన దగ్గర ఎక్కువగా వాడేది వీజీ-30 రకం. కేంద్ర రోడ్డు రవాణా శాఖ నిబంధనల ప్రకారం దీనితో చేసే మిశ్రమం ప్లాంటు దగ్గర 150 నుంచి 165 డిగ్రీల మధ్య ఉండాలి. పరిచేటప్పుడు 140కి తగ్గకూడదు. రోలర్ పని 90 డిగ్రీల లోపు పడిపోకముందే అయిపోవాలి. ఎండ, బరువు ఎక్కువున్న చోట్ల వాడే వీజీ-40కి ఇంకో పది డిగ్రీలు ఎక్కువ.

వార్మ్ మిక్స్‌లో ఇదే పని 20 నుంచి 40 డిగ్రీలు తక్కువలో చేస్తారు. దానికి మూడు దారులున్నాయి.

మొదటిది నురగ. వేడి తారులోకి కొద్దిగా నీళ్లు పంపితే అవి ఒక్కసారిగా ఆవిరై తారును పొంగిస్తాయి. పాలు పొంగినట్టే. పొంగిన తారు తక్కువ వేడిలోనే రాయంతా పరుచుకుంటుంది. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీలో లాడిస్ చాన్యీ అనే ప్రొఫెసర్ 1956లోనే ఆవిరితో తారును నురగగా మార్చి చూపించాడు.

రెండోది మైనం. తారులో ఒకటిన్నర నుంచి మూడు శాతం దాకా ప్రత్యేకమైన మైనం కలుపుతారు. వంద డిగ్రీలు దాటగానే అది కరిగి తారును పల్చన చేస్తుంది. చల్లారాక మళ్లీ పేరుకుని గట్టిబరుస్తుంది. చలికాలంలో నెయ్యి ఎలా ఉంటుందో, పొయ్యి మీద పెడితే ఏమవుతుందో గుర్తు తెచ్చుకుంటే చాలు.

మూడోది రసాయనం. ఇది తారును పల్చన చేయదు. సబ్బు నీళ్లు జిడ్డు గిన్నెకు పట్టుకున్నట్టు, తారుకూ రాయికీ మధ్య పట్టు పెంచుతుంది. చాలా కొద్ది మోతాదు సరిపోతుంది. ఇలాంటి మందును మన దేశంలోనే, గుజరాత్‌లోని వడోదర కేంద్రంగా ఉన్న జైడెక్స్ కంపెనీ తయారు చేస్తోంది. అంటే సరుకు దొరక్క ఆగిపోయింది అనడానికి లేదు.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

2007లో అమెరికా ఫెడరల్ హైవే శాఖ బృందం యూరప్ వెళ్లి వార్మ్ మిక్స్ ప్లాంట్లు చూసొచ్చింది. ఆ నివేదికలో ఉన్న అంకెలు నేటికీ అన్ని ప్రెజెంటేషన్లలోనూ కనిపిస్తాయి. ఇంధనం 11 నుంచి 35 శాతం ఆదా. కార్బన్ డయాక్సైడ్ 30 నుంచి 40 శాతం తగ్గుదల. నైట్రోజన్ ఆక్సైడ్లు 60 నుంచి 70 శాతం తగ్గుదల. చూడ్డానికి భలే ఉన్నాయి. కాకపోతే ఇవి కొన్ని ప్లాంట్లలో వచ్చిన ఫలితాలు, ప్లాంటు చిమ్నీ దగ్గర తీసిన లెక్కలు. ఆ మాట మన దగ్గరికి వచ్చేసరికి చాలాసార్లు రాలిపోతుంది.

ఆ తర్వాత అమెరికాలోనే పలు రాష్ట్రాల రోడ్లను పరిశీలించి 2014లో వెలువరించిన ఎన్‌సీహెచ్‌ఆర్‌పీ 779వ నివేదిక ఇంకాస్త నిలకడగా మాట్లాడింది. సగటున 27 డిగ్రీలు తగ్గిస్తే సగటున 22 శాతం ఇంధనం మిగిలింది అని. నమ్మదగ్గ అంకె కావాలంటే ఇదే పట్టుకోవాలి.

దీన్ని మన రోడ్డు మీద పెట్టి చూద్దాం. ఏడు మీటర్ల వెడల్పున్న రెండు వరుసల రోడ్డు, కింద 50 మిల్లీమీటర్లు, పైన 40 మిల్లీమీటర్లు తారు పొరలు అనుకుంటే కిలోమీటరుకు సుమారు 1,500 టన్నుల మిశ్రమం కావాలి. టన్నుకు ఆరు లీటర్ల ఫర్నేస్ ఆయిల్ చొప్పున వేసుకున్నా 9,000 లీటర్లు. అందులో ఐదో వంతు మిగిలితే 1,800 లీటర్లు. గాల్లోకి వెళ్లకుండా ఆగే కార్బన్ డయాక్సైడ్ ఐదు టన్నులకు పైనే. కిలోమీటరుకు ఇది. ఏటా వేలాది కిలోమీటర్లకు కొత్త తారు వేసే రాష్ట్రాల్లో చిన్న మొత్తమేమీ కాదు.

టార్పాలిన్ పట్టా చేసే పని

ఇక్కడే ఎవరూ పెద్దగా పట్టించుకోని విషయం ఒకటుంది. ప్లాంటులో ఇంధనం రాయిని వేడి చేయడానికే కాదు, రాయిలోని నీళ్లను ఆవిరి చేయడానికీ ఖర్చవుతుంది. టన్ను కంకరను 30 డిగ్రీలు వేడెక్కించడానికి సుమారు 27 మెగాజౌళ్ల శక్తి కావాలి. అదే టన్నులో ఒక్క శాతం తేమ, అంటే పది లీటర్ల నీళ్లు ఉంటే, వాటిని ఆవిరి చేయడానికి పట్టేది సుమారు 26 మెగాజౌళ్లు. అంటే కంకరలో ఒక్క శాతం తేమ తగ్గించడం, మిశ్రమాన్ని 30 డిగ్రీలు తక్కువలో కలపడం దాదాపు ఒక్కటే!

మన ప్లాంట్ల దగ్గర కంకర, క్రషర్ డస్ట్ గుట్టలు ఎలా ఉంటాయో ఆ దారిన పోయే ఎవరికైనా తెలుసు. ఆకాశం కిందే. అకాల వర్షం పడితే డస్ట్ గుట్ట నీళ్లు పీల్చుకుని నాలుగైదు శాతం తేమతో ప్లాంటులోకి వెళ్తుంది. గుట్ట మీద రేకుల షెడ్డు వేసి, అడుగున వాలు ఉండేలా గచ్చు చేయించుకుంటే ఏ మందూ కొనకుండానే వార్మ్ మిక్స్ ఇచ్చే లాభమంత వస్తుంది. రెండూ చేస్తే రెట్టింపు. గుట్ట తడిగా ఉంచి, బర్నర్ తగ్గించి, మందు మాత్రం పోస్తే.. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. రాయి లోపల తడి మిగిలిపోతుంది. తొలి వానకే తారు రాయిని వదిలేస్తుంది.

వార్మ్ మిక్స్ మీద ఇంజినీర్లకున్న ప్రధాన భయం కూడా ఇదే. అందుకే ఐఆర్‌సీ మార్గదర్శకాలు తడికి తట్టుకునే శక్తిని పరీక్షించమంటాయి. నీళ్లలో నానబెట్టిన నమూనా బలం, పొడి నమూనా బలంలో కనీసం 80 శాతం ఉండాలన్నది సాధారణ కొలమానం. పరీక్ష పెద్ద కష్టమైంది కాదు. జరిగిందా లేదా అన్నదే ప్రశ్న.

రెండో భయం ఎండాకాలంలో చక్రాల గాడులు. తక్కువ వేడిలో కలిపిన తారు తక్కువగా మాడుతుంది, కాబట్టి మెత్తగా ఉంటుంది. మే నెలలో మన రోడ్డు ఉపరితలం 60 డిగ్రీలు దాటుతుంది. దాని మీద ఓవర్‌లోడ్ గ్రానైట్ లారీ వెళ్తే కొత్తలో గాడి పడే అవకాశం కాస్త ఎక్కువ. మరోవైపు అదే మెత్తదనం వల్ల ఏళ్లు గడిచాక పగుళ్లు ఆలస్యంగా వస్తాయి. 2014 అమెరికా నివేదిక రోడ్లను చూసి తేల్చింది మాత్రం, రెండు రకాల పనితీరూ ఇంచుమించు సమానమేనని. అయితే అక్కడి లోడు నియమాలు, అక్కడి తనిఖీలు వేరు. దాన్ని యథాతథంగా కర్నూలు, కరీంనగర్ రోడ్లకు తెచ్చి అతికించలేం. బరువు రోడ్ల మీద మైనం రకమో, గట్టి గ్రేడ్ తారో ఎంచుకోవాల్సి ఉంటుంది.

మందు తయారీలోనే మేలు కరిగిపోతే?

పర్యావరణ లెక్క ప్లాంటు చిమ్నీ దగ్గర ఆగిపోదు. ముడిచమురు తవ్వడం నుంచి రోడ్డు తిరగవేసే దాకా మొత్తం కలిపి చూడాలి. స్పెయిన్ పరిశోధకులు 2013లో ఇదే పని చేశారు. జియోలైట్ అనే పొడి కలిపిన వార్మ్ మిక్స్‌ను మామూలు హాట్ మిక్స్‌తో పోల్చారు. తేలిందేంటంటే, రెండింటి మొత్తం ప్రభావం దాదాపు సమానం. వేడి తగ్గించి మిగిల్చిన దాన్ని కృత్రిమ జియోలైట్ తయారీ మింగేసింది. అదే అధ్యయనంలో పాత రోడ్డును తవ్వి తీసిన తారు కంకరను 15 శాతం కలిపితే మాత్రం ప్రభావం 13, 14 శాతం తగ్గింది.

దీనర్థం వార్మ్ మిక్స్ వేస్ట్ అని కాదు. ఏ మందు, ఎంత, ఎక్కడి నుంచి వస్తోంది అన్నది చూడకుండా ‘గ్రీన్ రోడ్డు’ అని బోర్డు పెట్టడం సరికాదని. నీళ్లతో చేసే నురగకూ, దూరదేశం నుంచి ఓడలో వచ్చే మైనానికీ ఒకే మార్కులు వేయలేం. ఇంకో సంగతి. తక్కువ వేడిలో పాత తారు కంకరను కలపడం సులువవుతుంది, అది మరీ మాడిపోదు. వార్మ్ మిక్స్ అసలు బలం బహుశా ఇక్కడే ఉంది. దేశంలో ఏటా వాడే బిటుమెన్ 80 లక్షల టన్నులకు పైమాటే, అందులో మంచి భాగం దిగుమతి. పై లెక్కలోని కిలోమీటరు రోడ్డుకే సుమారు 75 టన్నుల తారు పడుతుంది. పాత రోడ్డు గీకి తీసిన సరుకును భుజాల కింద నింపడానికి పారబోయకుండా తిరిగి వాడితే మిగిలేది ఒక్క ఇంధనమే కాదు.

వేసిన తర్వాత కూడా రోడ్డు ఆవిర్లు వదులుతూనే ఉంటుంది. యేల్ యూనివర్సిటీ బృందం 2020లో ప్రచురించిన అధ్యయనంలో, తారు నమూనాను 40 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తీసుకెళ్తే ఆవిర్లు రెట్టింపయ్యాయి. ఎండ తగిలితే మరింత పెరిగాయి. మన వేసవికి 60 డిగ్రీలు మామూలే. ఈ భాగాన్ని వార్మ్ మిక్స్ ఆపలేదు. అది తగ్గించేది కలిపేటప్పుడు, పరిచేటప్పుడు వచ్చే పొగను.

ఆ పొగ పీల్చేది ఎవరు?

నిజానికి ఈ టెక్నాలజీ పుట్టింది వాతావరణ మార్పు గురించి కాదు. 1990ల్లో జర్మనీలో తారు పొగ వల్ల కార్మికుల ఆరోగ్యం ఏమవుతోందన్న చర్చ గట్టిగా నడిచింది. 1997లో అక్కడ బిటుమెన్ ఫోరం ఏర్పాటైంది. పొగ తగ్గాలంటే వేడి తగ్గాలి అన్న తేలికైన తర్కం నుంచే దారి మొదలైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలోని క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2011లో సమావేశమై, రోడ్డు పనుల్లో బిటుమెన్ పొగను క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న వాటి జాబితాలో, 2బీ వర్గంలో పెట్టింది. జర్మనీ 2019లో ఘనపు మీటరు గాలిలో ఒకటిన్నర మిల్లీగ్రాముల పరిమితి ఖరారు చేసి, పరిశ్రమ సర్దుకోవడానికి ఏళ్ల గడువు ఇచ్చింది. అక్కడ కంపెనీలు తక్కువ వేడి తారు వైపు పరుగెత్తడానికి కారణం ఆ అంకె.

మన దగ్గర ఆ పొగలో నిలబడేది పాలమూరు నుంచో, శ్రీకాకుళం నుంచో, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచో వలస వచ్చిన కూలీ. కాళ్లకు బూట్లుంటే గొప్ప. వార్మ్ మిక్స్ వాడిన చోట పొగ పీల్చడం 30 నుంచి 50 శాతం తగ్గిందని యూరప్ కొలతలు చెబుతున్నాయి. ఇంధనం లెక్కల్లో ఎన్ని మినహాయింపులున్నా ఈ లాభానికి మినహాయింపు లేదు. ఏ మందు వాడినా, జియోలైట్ అయినా సరే, వేడి తగ్గితే కూలీ ముఖానికి తగిలే పొగ తగ్గుతుంది. మన చర్చల్లో దీని ఊసు దాదాపు వినిపించదు. ఎంతసేపూ కార్బన్, కార్బన్ అంటారు గానీ.

మరి ఎక్కడ ఆగింది?

డబ్బు దగ్గర. అయితే అందరూ అనుకునే విధంగా కాదు. మందు ఖరీదు మరీ భయపెట్టేదేం కాదు, ఇంధనం ఆదాలో చాలా భాగం తిరిగొస్తుంది. సమస్య ఎవరి లాభం, ఎవరి రిస్కు అన్నది. ఆర్ అండ్ బీ టెండర్లో రాసేది పొర మందం, తారు శాతం, గ్రేడు. ప్లాంటులో ఎంత ఇంధనం కాల్చారో, ఎంత పొగ వచ్చిందో ఎవరూ అడగరు. హాట్ మిక్స్ వేసి రోడ్డు పాడైతే ‘నిబంధన ప్రకారమే వేశాం’ అని చెప్పుకోవడానికి కాంట్రాక్టర్‌కీ, ఇంజినీర్‌కీ ఆధారం ఉంటుంది. వార్మ్ మిక్స్ వేసి పాడైతే? కొత్త ప్రయోగం ఎందుకు చేశావని మొదట అడిగేది ఇంజినీర్‌నే. ఈ పరిస్థితుల్లో డిఫెక్ట్ లయబిలిటీ తలమీద పెట్టుకున్న కాంట్రాక్టర్ పాత దారే పడతాడు. తప్పు పట్టలేం.

అమెరికాలో కథ ఎలా మారిందంటే, 2009లో మొత్తం మిశ్రమంలో వార్మ్ మిక్స్ ఐదు శాతం లోపే. పదేళ్లు తిరిగేసరికి 40 శాతం దగ్గరికి చేరింది. రాష్ట్రాల రవాణా శాఖలు తమ నిబంధనల్లో దీన్ని హాట్ మిక్స్‌తో సమానంగా అనుమతించాయి, ఎంచుకోవడం కాంట్రాక్టర్‌కి వదిలేశాయి. బ్రిటన్‌లో జాతీయ రహదారుల సంస్థ 2021లో వార్మ్ మిక్స్ వైపు మొగ్గింది. అయితే అమెరికా అంకెలో ఒక మెలిక ఉంది. మందు కలిపి కూడా వేడి తగ్గించని టన్నులు అందులో చాలానే ఉన్నాయి. ప్లాంటు దూరంగా ఉన్నా మిశ్రమం గట్టిపడకుండా, రోలర్ కింద బాగా అణగడానికి వాడుకుంటారన్నమాట. రోడ్డుకు మంచిదే. కానీ పొగ, ఇంధనం ఏమీ తగ్గవు. పేరు చూసి మురిసిపోతే మన దగ్గరా ఇదే జరుగుతుంది.

మన దగ్గర ఇంకో చిక్కు ప్లాస్టిక్ రోడ్లు. మదురైలోని త్యాగరాజర్ ఇంజినీరింగ్ కాలేజీ ప్రొఫెసర్ వాసుదేవన్ రూపొందించిన పద్ధతిని కేంద్రం 2015 నుంచి పెద్ద నగరాల చుట్టుపక్కల రహదారులకు తప్పనిసరి చేసింది. ఆ పద్ధతిలో ప్లాస్టిక్ ముక్కలు కరిగి రాయికి పట్టాలంటే కంకర దాదాపు 165 డిగ్రీల వేడిలో ఉండాలి. వార్మ్ మిక్స్ ఆ వేడే వద్దంటుంది. రెండూ పర్యావరణం పేరుతో వచ్చినవే, ఒకే ప్లాంటులో ఎదురెదురు పడతాయి. ఏ రోడ్డుకు ఏది అన్నది ముందే తేల్చకుండా రెండు సర్క్యులర్లూ ఒకే ఈఈ టేబుల్ మీద పెడితే ఆయన ఏం చేస్తాడు? రెండూ పక్కన పెడతాడు.

ఇప్పుడు తెలుగు రాష్ట్రాల ముందున్న అవకాశం చిన్నదేం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబర్ నుంచి గుంతలు పూడ్చే పనులు, ఆ వెంట రోడ్ల పునరుద్ధరణ సాగుతున్నాయి. అమరావతిలో కొత్త రోడ్లు వస్తున్నాయి. విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీ నుంచి తారు ఇక్కడే దొరుకుతుంది. తెలంగాణ ఆర్ అండ్ బీ, పంచాయతీరాజ్ రోడ్లను హైబ్రిడ్ యాన్యుటీ విధానంలో వేయాలని నిర్ణయించింది. ఈ విధానం వార్మ్ మిక్స్‌కి బాగా కలిసొచ్చేదే. రోడ్డు వేసినవాడే ఏళ్ల తరబడి చూసుకోవాలి కాబట్టి, ఇంధనం ఆదా ఎవరిదో రోడ్డు పాడైతే ఖర్చూ వాడిదే. అందుకే గుట్ట మీద షెడ్డు వేయడానికీ, తడి పరీక్ష చేయించడానికీ వాడికో కారణం దొరుకుతుంది. మామూలు టెండర్లో ఆ కారణం ఉండదు.

చేయాల్సింది కూడా కొండంత కాదు. స్టాండర్డ్ షెడ్యూల్ ఆఫ్ రేట్లలో వార్మ్ మిక్స్‌కి ప్రత్యేకంగా రేటు వేయాలి. ఒకే రోడ్డులో రెండు కిలోమీటర్లు హాట్ మిక్స్, రెండు కిలోమీటర్లు వార్మ్ మిక్స్ వేసి కనీసం మూడు వానాకాలాలు పక్కపక్కన పెట్టి చూడాలి. ఎందుకంటే ఇక్కడ ఆదా చేసిన ఐదు టన్నుల కార్బన్‌కి విలువ రోడ్డు నిలిస్తేనే. ఆరేళ్లు ఉండాల్సింది నాలుగో ఏడే తిరగేస్తే, మళ్లీ 1,500 టన్నుల మిశ్రమం, మళ్లీ 75 టన్నుల తారు, కాల్చే ఇంధనం కూడా మళ్లీ మొదటి నుంచే.

ఇక అన్నిటికంటే చవకైనది థర్మామీటర్. టిప్పర్ ప్లాంటు దాటేటప్పుడు ఒకసారి, పేవర్‌లో పోసేటప్పుడు ఒకసారి మిశ్రమం వేడి చూసి రిజిస్టర్లో రాయాలన్నది ఇప్పుడున్న హాట్ మిక్స్ పనులకూ ఉన్న నిబంధనే. కాంట్రాక్టర్ మందు బిల్లు పెట్టినప్పుడు ఆ రిజిస్టర్ కూడా జత చేయమంటే, వేడి 165 దగ్గరే ఉందో 130కి దిగిందో ఆ రెండు అంకెల్లోనే తెలిసిపోతుంది.